అమ్మాయి డాన్సు ప్రోగ్రాంకి వెళ్తానంటే...

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను బాగా ఆలోచనలో పడేసింది. రాసినావిడ పేరూ, ఊరూ చెప్పను. వాళ్ళమ్మాయి హైదరాబాదులో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఆవిడ బాధ ఆవిడ మాటల్లోనే వినండి.

"నెలకి రెండుసార్లయినా రవీంద్రభారతికి కూచిపూడి చూడ్డానికి వెళ్తోందిటండీ. పోనీ నేర్చుకుంటోందా అంటే అదీ లేదు. ఊరికే చూస్తుందిట! చదువుకోమని పంపితే ఇదేం సరదా? అంతగా చూడాలనుంటే ఫోన్లో బోలెడు వస్తాయి కదా. రాత్రి తొమ్మిదింటిదాకా హాల్లో కూర్చోవడమేమిటి? వాళ్ళ నాన్నగారికి ఇంకా చెప్పలేదు. మీరేమంటారు?"

చెల్లెమ్మా, మీ ఉత్తరంలో మూడు భయాలున్నాయి. చదువు పాడవుతుందేమోనని ఒకటి. ఫోన్లో దొరికేదానికి అంత దూరం వెళ్ళడం దండగ కదా అని రెండోది. రాత్రి వేళ ఆడపిల్ల అని మూడోది. మూడూ తల్లికి ఉండాల్సిన భయాలే. కొట్టిపారెయ్యను. కానీ వాటన్నిటికన్నా ముందు మీరు రాసిన ఒక చిన్న మాట దగ్గర ఆగుతాను. "ఊరికే చూస్తుందిట" అన్నారు చూడండి, ఆ మాట దగ్గర.

ఊరికే చూడ్డం అంత తేలికా?

అరిసెల పాకం ఎప్పుడు దించాలో మీకెవరు నేర్పారు? పుస్తకంలో చదివి నేర్చుకున్నారా? అమ్మ పక్కన నిలబడి, నాలుగు సంక్రాంతులు చూసి నేర్చుకున్నారు. నీళ్ళలో వేసిన పాకం చుక్క ఉండ కడుతుందా లేదా అన్నది కంటికి అలవాటయ్యేదాకా ఎవరికీ చేతకాదు. నాట్యం చూడ్డం కూడా అంతే. అదీ కంటికి నేర్పాల్సిన విద్యే.

మొదటిసారి వెళ్ళినప్పుడు పట్టుచీర కుచ్చిళ్ళూ, నగలూ, పూలజడా తప్ప ఏమీ కనపడవు. రెండోసారికి చూపు పాదాల మీదికి వెళ్తుంది. మూడోసారికి చేతులు ఏదో చెబుతున్నాయని అర్థమవుతుంది. ఇంకా కొన్నాళ్ళకి మృదంగం దెబ్బా, గజ్జె చప్పుడూ ఒక్కచోట కలిసినప్పుడు మన ప్రాణం హాయిగా ఊపిరి పీల్చుకోవడం తెలుస్తుంది. అప్పటికి ఆ పిల్ల రసికురాలయిందన్నమాట. పాడేవాళ్ళు, ఆడేవాళ్ళు ఎందరున్నా తెలిసి చూసేవాళ్ళు లేకపోతే ఏ కళా నిలవదు.

అందుకే విద్యార్థులకి ఈ చూపు నేర్పాలని 1977లో ఐఐటీ ఢిల్లీ ప్రొఫెసరు కిరణ్ సేఠ్ 'స్పిక్ మెకే' అనే సంస్థని మొదలుపెట్టారు. పేరుపొందిన కళాకారుల్ని కాలేజీలకీ, స్కూళ్ళకీ తీసుకెళ్ళి పిల్లల ముందు పాడించడం, ఆడించడం దాని పని. ఇంజనీరింగు చదివే పిల్లలకి ఇదెందుకని వాళ్ళూ అనుకోవచ్చుగా? అనుకోలేదు.

జడ తెర మీదికొచ్చిన సాయంత్రం

నేను డిగ్రీ చదివే రోజుల్లో మా తెలుగు మేడంగారు ఎనిమిదిమందిని వెంటబెట్టుకుని రవీంద్రభారతికి తీసుకెళ్ళారు. టాగూరు శతజయంతి సందర్భంగా కట్టి, 1961లో ప్రారంభించిన హాలు అది. ఆ రోజు భామాకలాపం. కూచిపూడి వాళ్ళు అన్నిటికన్నా ప్రాణంగా చూసుకునే నాటకం. సిద్ధేంద్రయోగి రచన అంటారు. అందులో సత్యభామ వేషం వేస్తున్నది మగవాడని తెలిసి మా వాళ్ళందరికీ ఒకటే నవ్వు. చున్నీలు నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కు కిసుక్కుమంటుంటే, మేడంగారు వెనక్కి తిరిగి ఒక్క చూపు చూశారు.

ఇద్దరు మనుషులు చెరోవైపు ఒక తెర పట్టుకుని నిలబడ్డారు. తెర వెనక నుంచి పొడుగాటి జడ వచ్చి, తెర మీదుగా మావైపు పడింది. ఆ జడ ఊరికే వెయ్యరు. 'నాతో సరితూగగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే రండి, ఓడిస్తే ఈ జడ కోసెయ్యండి' అని సభకి విసిరే సవాలట అది. మేడంగారు మెల్లగా చెప్పారు. మా వరసలో నవ్వులు సగం ఆగిపోయాయి.

తెర తీశాక మిగతా సగమూ ఆగిపోయాయి. భామనే సత్యభామనంటూ ఆ మనిషి నడిచొస్తుంటే మగవాడన్న సంగతే ఎవరికీ గుర్తు రాలేదు. కథ మీకు తెలిసిందే. అందంలో నువ్వెక్కువా నేనెక్కువా అని సత్యాకృష్ణుల మధ్య మాటా మాటా వచ్చి, ఆయన వెళ్ళిపోతాడు. ఈవిడ అలుగుతుంది, కుములుతుంది, చెలికత్తె మాధవిని పిలిచి బతిమాలుతుంది. మీ ఆయన పేరేమిటమ్మా అని మాధవి అడిగితే సిగ్గుతో చెప్పలేదు. ఆయన గుర్తులన్నీ చెబుతుంది కానీ పేరు మాత్రం నోట రాదు. ఆఖరికి ఉత్తరం రాస్తుంది. వెళ్ళి ఆయన్ని తీసుకురావడానికి మాధవి ముక్కెర అడుగుతుంది. ప్రాణంలాంటి ముక్కెర! ఇవ్వాలా వద్దా అని సత్యభామ పడే అవస్థ చూసి హాల్లో పెద్దవాళ్ళు కూడా నవ్వారు. మాధవి తెలివికి నవ్వాం, సత్య మీద జాలీ పడ్డాం.

నాకు బాగా గుర్తున్నది ఆ కోపం. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళకి కోపమొస్తే వంటింట్లో గిన్నెలు రెండు గట్టిగా చప్పుడయ్యేవి, అంతే. ఎందుకొచ్చిందో అడిగేవాళ్ళు లేరు, చెప్పే అలవాటూ లేదు. ఇక్కడ ఒక ఆడమనిషి గర్వం, అలక, అభిమానం, ఎడబాటు, పశ్చాత్తాపం అన్నీ గంటల తరబడి విడమరిచి చెబుతుంటే, హాలుహాలంతా చెవులప్పగించి వింటోంది. జీవాత్మ పరమాత్మ కోసం పడే తపన అని పెద్దలు దీనికి అర్థం చెబుతారు. అదీ నిజమే. పద్దెనిమిదేళ్ళ పిల్లలకి మాత్రం ముందు కనిపించింది మనలాంటి ఆడదే.

మాతో వచ్చిన వాళ్ళలో ఒకమ్మాయికి సంబంధం కుదిరి, మాఘమాసంలో ముహూర్తం పెట్టారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంది. దిగబోయే ముందు, "ఆవిడ అంతసేపు అలిగినా, ఇంక చాల్లే అని ఎవ్వరూ అనలేదు, చూశావా?" అంది. ఆ వారంలోనే వాళ్ళ నాన్నగారికి ఉత్తరం రాసింది, పెళ్ళి ఫైనలియర్ పరీక్షలయ్యాక పెట్టమని. నాట్యం చూసినందుకే రాసిందని నేననను. మనసులో ఎప్పట్నుంచో ఉండుంటుంది. ముహూర్తం మాత్రం వైశాఖానికి మారింది. తను డిగ్రీ పూర్తిచేసింది.

ఆ కుర్చీ ఊరికే రాలేదు

ఇంకో సంగతి కూడా మీకు చెప్పాలి. మీ అమ్మాయి కూర్చుని చూస్తున్న ఆ కుర్చీ, ఆ ఎదురుగా ఆడుతున్న అమ్మాయి నిలబడ్డ స్టేజీ రెండూ మన ఆడవాళ్ళకి అంత సులువుగా దక్కినవి కావు.

కృష్ణాజిల్లా మొవ్వ మండలంలో ఉంది కూచిపూడి. అక్కడి మేళాల్లో తరతరాలుగా స్త్రీ వేషాలన్నీ మగవాళ్ళే కట్టేవారు. ఆ విద్యలో అందరికన్నా పేరు మోసినవారు వేదాంతం సత్యనారాయణ శర్మగారు. సత్యభామ అంటే ఆయనే అన్నంత కీర్తి. 1970లో పద్మశ్రీ వచ్చింది. ఆ వేషంలో ఆయన నడకా, ఓరచూపూ చూసి, ఆడవాళ్ళే ముక్కున వేలేసుకునేవారు.

మరి ఆడవాళ్ళు ఆడలేదా? ఆడారు. కోస్తా జిల్లాల్లో కళావంతుల కుటుంబాల స్త్రీలు భామాకలాపం, గొల్లకలాపం ఎంతో గొప్పగా ఆడేవారు. కానీ సంఘం వాళ్ళ కళని మెచ్చుకుంటూనే వాళ్ళని చిన్నచూపు చూసింది. దేవదాసీ వ్యవస్థని తీసేస్తూ 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఆ దురాచారం పోవడం మంచిదే. దాంతోపాటు ఆ స్త్రీల నాట్యమూ మరుగున పడింది. తర్వాత నటరాజ రామకృష్ణగారు వాళ్ళ దగ్గరికి వెళ్ళి, బతిమాలి, ఆ విద్యని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. దాన్నే ఇవాళ ఆంధ్రనాట్యం అంటున్నాం.

సంసారపక్షపు ఇళ్ళల్లో సంగతి వేరు. ఆడపిల్ల గజ్జె కట్టడం మాట దేవుడెరుగు, చూడ్డానికి వెళ్తానన్నా తప్పే! ఈ తలుపు తెరవడానికి పాటుపడినవాళ్ళలో వెంపటి చినసత్యంగారు ముఖ్యులు. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, ఎందరో ఆడపిల్లలకి నేర్పారు. శోభానాయుడుగారు ఆయన శిష్యురాలే. ఒకప్పుడు మగవాళ్ళు కట్టిన సత్యభామ వేషాన్ని ఆవిడ కట్టి దేశవిదేశాల్లో మెప్పించారు. సత్యనారాయణ శర్మగారు, చినసత్యంగారు ఇద్దరూ 2012లోనే వెళ్ళిపోయారు. శోభానాయుడుగారు 2020లో కన్నుమూశారు. వాళ్ళని ఎదురుగా కూర్చుని చూసినవాళ్ళు అదృష్టవంతులు. ఇవాళ ఆడుతున్నవాళ్ళ గురించి రేపు ఇదే మాట మీ అమ్మాయి చెబుతుంది.

ఫోన్లో ఉందిగా అంటే...

ఉంది, కాదనను. సినిమాల్లోనూ ఉంది. 'శంకరాభరణం' (1980), 'సాగరసంగమం' (1983), 'స్వర్ణకమలం' (1988) చూసి ఎందరు తల్లులు పిల్లల్ని డాన్సు క్లాసులో చేర్పించారో లెక్కేలేదు. అయితే తెర మీద మనం చూసేది కెమెరా చూపించినంతే. పాదం చూపిస్తే పాదం, కళ్ళు చూపిస్తే కళ్ళు. హాల్లో అలా కాదు. ఎటు చూడాలో మన ఇష్టం. నర్తకిని చూడొచ్చు, తాళాలు వాయిస్తూ జతులు చెప్పే గురువుగారిని చూడొచ్చు, ఆవిడ ఎప్పుడు ఆగుతుందా అని కన్నార్పకుండా కనిపెట్టుకుని ఉన్న మృదంగం ఆయన్ని చూడొచ్చు.

కూచిపూడిలో తరంగం అని ఒకటుంటుంది. నారాయణతీర్థులవారి కృష్ణలీలా తరంగిణిలోంచి తీసుకుని ఆడతారు. ఇత్తడి పళ్ళెం అంచుల మీద రెండు పాదాలూ మోపి, ఆ పళ్ళేన్ని కదిలిస్తూ తాళం తప్పకుండా ఆడాలి. కొందరు నెత్తి మీద నీళ్ళచెంబు కూడా పెట్టుకుంటారు. బిందె నెత్తిన పెట్టుకుని నూతి దగ్గర్నుంచి నడిచిన మనకి ఆ కష్టం ఇంకొంచెం బాగా తెలుస్తుంది. ఫోన్లో అది ఒక విడ్డూరంలా ఉంటుంది. హాల్లో అయితే పళ్ళెం నేలకి రాసుకునే చప్పుడు వినిపిస్తుంది, నర్తకి మెడ మీద చెమట కనిపిస్తుంది. పడిపోతుందేమోనని మన కాలి వేళ్ళు బిగుసుకుంటాయి.

తప్పు జరిగితే మళ్ళీ తీయడానికి లేదక్కడ. ఒకసారి ఒక చిన్నపిల్ల ఆడుతుంటే గజ్జెల తాడు తెగి, నాలుగు మువ్వలు స్టేజీ మీద దొర్లాయి. ఆ పిల్ల మొహంలో నవ్వు చెరగనివ్వలేదు. మువ్వలు కాలికింద పడకుండా అడుగులు కాస్త పక్కకి జరుపుకుంటూ పాట పూర్తిచేసింది. పరీక్షల ముందు బెంబేలుపడే పిల్లలకి అంతకన్నా మంచి పాఠం ఎవరు చెప్పగలరు చెప్పండి? రెండు గంటలు ఫోను ముట్టకుండా, ఒక్కచోట కుదురుగా కూర్చుని, ఒక్కదాని మీద మనసు నిలపడం అలవాటయిన పిల్లకి చదువు పాడవుతుందని నేను అనుకోను. నెలకి రెండు సాయంత్రాలు ఎక్కువేం కాదు. పరీక్షల నెలలో మానమంటే మానుతుంది.

రాత్రి వేళ మాట

ఇది అసలైన భయం. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అలాగని మానిపించేయనూ వద్దు. జాగ్రత్తలు చెప్పి పంపండి.

ఒక్కతీ వెళ్ళకుండా ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళమనండి. వార్డెనుకి ముందే చెప్పి, పర్మిషను తీసుకోవాలి. వాళ్ళ నాన్నగారికి కూడా మీరు చెప్పేయండి. దాచిపెట్టడం వల్ల లేని తప్పు ఉన్నట్టవుతుంది. రవీంద్రభారతికి అసెంబ్లీ మెట్రో స్టేషను నడిచి వెళ్ళేంత దగ్గర. వెళ్ళేటప్పుడే తిరుగు ప్రయాణం సంగతి చూసుకోవాలి. బయలుదేరినప్పుడూ, హాస్టలుకి చేరాకా మీకు ఫోను చెయ్యాలి.

కార్డులో ఆరున్నర అని వేస్తారు. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ఉపన్యాసం, శాలువాలు, జ్ఞాపికలు అయ్యేసరికి ఏడున్నర అవడం మనకి కొత్త కాదు. కనుక ఆఖరి అంశం దాకా ఉండి తీరాలని పట్టుదల వద్దు. టైమయితే ఒక అంశం పూర్తయి చప్పట్లు కొట్టేటప్పుడు లేచి రావాలి. మధ్యలో లేచి, ఆడేవాళ్ళ చూపుకి అడ్డం నడవడం మర్యాద కాదు. కాస్త పెరుగన్నమైనా తిని వెళ్ళమనండి. ఏసీ చలికి పల్చటి శాలువా ఒకటి సంచీలో పెట్టుకుంటే మంచిది.

కూర్చునే చోటు కూడా చెబుతాను. మొదటి వరస కోసం తోసుకోనక్కర్లేదు. మెడ ఎత్తి చూడాలి, పైగా పాదాలు సరిగా కనపడవు. అయిదో వరస నుంచి ఎనిమిదో వరసదాకా మధ్యలో అయితే మొహమూ, పాదమూ రెండూ తెలుస్తాయి. వెళ్ళే ముందు ఆ రోజు ఆడే కథేమిటో చదువుకుని వెళ్ళాలి. కథ ముందే తెలిస్తే 'తర్వాతేమిటి' అన్న తొందర ఉండదు, 'ఎలా చెబుతారు' అన్నది చూడ్డానికి తీరుబడి ఉంటుంది. ఫోను ఎత్తి వీడియోలు తీస్తూ వెనకవాళ్ళకి అడ్డం రావద్దని మరీ మరీ చెప్పండి.

ఖర్చంటారా, ఇలాంటి కార్యక్రమాలు చాలావాటికి ప్రవేశం ఉచితమే. సినిమా హాల్లో పాప్‌కార్న్ కొన్నంత కూడా అవదు!

ఇంక మీ సంగతి

ఇంతసేపూ అమ్మాయి గురించే మాట్లాడుకున్నాం. మీరు ఆఖరిసారి ఒక హాల్లో కూర్చుని, లైట్లు ఆర్పేశాక, ఏ పనీ గుర్తు చేసుకోకుండా రెండు గంటలు ఉన్నది ఎప్పుడు? జవాబు నాకు రాయక్కర్లేదు, మీకు మీరు చెప్పుకోండి. మనలో చాలామందికి ఆ తలుపు పెళ్ళితోనే మూసుకుపోయింది. ఎవరూ కావాలని మూయలేదు. పొద్దుటి ఇడ్లీకి పప్పు నానబెట్టాలి, పాలవాడికి గిన్నె పెట్టాలి, ఆయన ఏడింటికి వస్తారు... ఇలా ఒక్కొక్కటే అడ్డం పడింది. మీ అమ్మాయికి ఆ తలుపు ఇప్పుడు బార్లా తెరిచి ఉంది. చదువుకునే ఈ నాలుగేళ్ళూ చూసినది, రేపు ఏ ఇంట్లో ఏ పొయ్యి ముందు నిలబడ్డా తనతో ఉంటుంది.

నా మాట విని ఒక పని చెయ్యండి. ఈసారి హైదరాబాదు వెళ్ళినప్పుడు పచ్చళ్ళ సీసాలిచ్చేసి, ఆ సాయంత్రమే బస్సెక్కకండి. ఒక రాత్రి ఉండి, అమ్మాయి వెంట మీరూ హాలుకి వెళ్ళండి. ఏ అంశం ఏమిటో మీ పిల్లని చెప్పమనండి. మనకి తెలియనిది పిల్లలు చెబుతుంటే ఎంత బావుంటుందో!

మిగతా పాఠకులకీ ఇదే మాట. హైదరాబాదే కానక్కర్లేదు. విజయవాడ వాళ్ళకి తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రం, విశాఖ వాళ్ళకి కళాభారతి, రాజమండ్రి వాళ్ళకి ఆనం కళాకేంద్రం, తిరుపతి వాళ్ళకి మహతి ఆడిటోరియం ఉన్నాయి. పేపర్లో 'నేటి కార్యక్రమాలు' అని ఒక మూల చిన్న అక్షరాలతో వేస్తారు. వంకాయలు తరుగుతూ అదొక్కసారి చూడండి. పక్కింటావిడని కూడా లేవదీయండి.

ఆ రోజు వంట కాస్త ముందే చేసి మూత పెట్టేస్తే, ఇంట్లోవాళ్ళు వడ్డించుకోలేరా ఏమిటి? చూసొచ్చాక ఎలా ఉందో నాకు రాయండి. వచ్చే వారం కలుద్దాం.